రెండు గోడల అద్దె పుస్తకాల షాపు: తిరుపతిలో మాంగా, అమెరికన్ కామిక్స్

బాలాజీ కాలనీ నుంచి ఎస్వీ యూనివర్సిటీ వైపు వెళ్ళే దారిలో, ఒక జిరాక్సు షాపు మేడ మీద, బొమ్మల కథల పుస్తకాలను అద్దెకిచ్చే షాపు ఒకటి నడుస్తోంది. ఎడమ గోడ పొడవునా జపాన్ బొమ్మల కథలైన మాంగా, కుడి గోడ పొడవునా అమెరికన్ కామిక్స్ పెట్టారు. మధ్యలో రెండు బల్లలు, కిటికీ పక్కన పాత చందమామ బైండు పుస్తకాల బీరువా ఉన్నాయి. ఫోన్లో యానిమే, అంటే జపాన్ కార్టూన్లు, చూసి మిగతా కథ కోసం వచ్చే కాలేజీ పిల్లలు, సూపర్‌హీరో సినిమాలు చూసి వచ్చే స్కూలు పిల్లలు, వాళ్ళను వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు ఇక్కడ ఎక్కువగా కనిపిస్తారు. కొన్ని నెలలుగా సభ్యుడిగా ఉన్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ రెండు గోడల మీది కథలు వేర్వేరు పద్ధతుల్లో పుట్టాయనీ, కనుక వాటిని పాఠకుడి చేతికిచ్చే పద్ధతి కూడా వేరుగా ఉండాలనీ ఈ షాపు యజమాని గ్రహించారు. షాపుకున్న అసలు విలువ అదే. కనిపించే లోపాలు కూడా చాలావరకు ఆ గ్రహింపును చివరిదాకా అమలు చేయకపోవడం వల్ల వచ్చినవే.

సభ్యత్వ నిబంధనలు సరళంగా ఉన్నాయి. రూ.500 డిపాజిట్ కట్టి ఆధార్ జిరాక్సు ఇస్తే కార్డు ఇస్తారు. మానేసిన రోజున డిపాజిట్ తిరిగి ఇస్తారు. మాంగా సంపుటికి వారానికి రూ.20, అమెరికన్ సంకలనానికి రూ.40 అద్దె. కొని చదవాలంటే మాంగా సంపుటి ఒక్కొక్కటి రూ.400కు అటూ ఇటూగా పడుతోంది. ఆ లెక్కన 72 సంపుటాల ‘నరుటో’ మొత్తానికి పాతిక వేలు దాటుతుంది కనుక ఈ అద్దె నాకు న్యాయంగానే తోచింది. రంగుల్లో, నునుపు కాగితం మీద అచ్చయ్యే అమెరికన్ సంకలనాల ధర ఇంకా ఎక్కువ కాబట్టి వాటికి రెట్టింపు అద్దె తీసుకోవడాన్ని తప్పు పట్టలేము.

ఎడమ గోడ మీది పుస్తకాలన్నీ కథల వారీగా, ఒకటో సంపుటి నుంచి చివరి సంపుటి దాకా వరుస అంకెలతో ఉంటాయి. ఐదేసి సంపుటాలను నాడాతో కట్టి ఉంచారు. కట్టగా తీసుకుంటే నాలుగింటి అద్దెకే ఇస్తారు. కుడి గోడ మీద ఈ వరుస అంకెలు లేవు. అక్కడ సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్, ఎక్స్‌మెన్ అని పాత్రల పేరిట అరలు ఏర్పాటు చేసి, ప్రతి పుస్తకం అట్ట లోపల యజమాని తన చేతిరాతతో ఒక చీటీ అంటించారు. ఆ పుస్తకం ఏ సంవత్సరంలో వచ్చింది, రాసిందెవరు, గీసిందెవరు, దీనికి ముందు మరేదైనా చదివి ఉండాలా అనే నాలుగు సంగతులు అందులో ఉంటాయి. చాలా చీటీల్లో నాలుగో వరుసలో ‘అక్కర లేదు’ అని రాసి ఉంటుంది.

ఒక సాయంత్రం ఏడో తరగతి చదివే పిల్లవాడు వచ్చి, “అన్నా, బ్యాట్‌మ్యాన్ ఒకటో పార్ట్ ఇయ్యన్నా” అని అడిగాడు. యజమాని, “బ్యాట్‌మ్యాన్‌కి ఒకటో పార్టు అనేది లేదు నాయనా. నీకు దొంగను పట్టే కథ కావాల్నా, భయపెట్టే కథ కావాల్నా, అది చెప్పు, తీసిస్తా” అన్నారు. పిల్లవాడు నమ్మలేదు. అరంతా వెతికి, వీపు మీద 1 అంకె ఉన్న బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు మూడు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. ఒకటి 1940 ప్రాంతపు కథల పునర్ముద్రణ, ఒకటి 2011లో మొదలైన వరసలోది, ఒకటి 2016లో మొదలైన వరసలోది. ఈ మూడూ ఒకటో భాగాలే. 2011లో బ్యాట్‌మ్యాన్‌ను ప్రచురించే డీసీ సంస్థ తన సూపర్‌హీరో పత్రికలన్నింటినీ ఒకేసారి ఒకటో సంచిక నుంచి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఐదేళ్ళకు వాటిలో చాలా పత్రికలకు మరోసారి అదే పని చేసింది. యజమాని ఈ సంగతి ఆ పిల్లవాడికి ఓపికగా వివరించి, చివరికి 2011 నాటి పుస్తకం ఇచ్చి పంపారు. పుస్తకాల షాపులో ఇంత శ్రద్ధ చూపేవాళ్ళు దొరకడం అరుదు.

అమెరికన్ సూపర్‌హీరోకు ఒకటో భాగమంటూ ఎందుకు లేదో తెలిస్తే ఈ కుడి గోడ మొత్తం అర్థమవుతుంది. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెరీ సీగల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు 1938లో ఆ పాత్ర హక్కులను 130 డాలర్లకు ప్రచురణకర్తకు రాసిచ్చేశారు. ఆ తర్వాత వచ్చిన సూపర్‌హీరో కథల నడక చాలావరకు ఆ సంతకంతోనే నిర్ణయమైపోయిందని నేను నమ్ముతాను. పాత్ర కంపెనీ ఆస్తి అయినప్పుడు దానికి ముసలితనం రాకూడదు, చావు నిలవకూడదు, కథ ముగియకూడదు. ఒక రచయిత వెళ్ళిపోతే మరొకరు వస్తారు. వచ్చినవారు పాత్రను ఎంత దూరం నడిపించినా, వెళ్ళేటప్పుడు తిరిగి మొదటి చోటికి తెచ్చి తర్వాతివారికి అప్పగించి పోవాలి. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన స్పైడర్‌మ్యాన్ స్కూలు దాటి కాలేజీకి వెళ్ళాడు, 1987లో పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2007లో, ఆ పెళ్ళి అసలు జరగనే లేదన్నట్టు కథను మార్చేశారు. ఆ దంపతుల సంసారాన్ని ఇరవై ఏళ్ళు నెల నెలా చదివిన పాఠకుడికి అది చిన్న నష్టం కాదు.

దీనికి తోడు, 1954లో అమెరికన్ ప్రచురణకర్తలు తమకు తామే విధించుకున్న కామిక్స్ కోడ్ అనే నియమావళి ప్రతి కథలోనూ మంచే గెలవాలనీ, నేరస్థుడికి శిక్ష పడాలనీ నిర్దేశించింది. కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారన్న ఆందోళన, సెనేట్ ఉపసంఘం విచారణ దానికి ముందు నడిచాయి. ఫలితంగా నేరం, భీతి కథల పత్రికలు మూతపడి, బొమ్మల కథ అంటే పిల్లల కథే అన్న ముద్ర బలపడింది. జపాన్‌లో అదే కాలంలో బాలురకు, బాలికలకు, ఆ తర్వాత వయోజనులకు వేర్వేరు మాంగా పత్రికలు పుట్టి, చదివేవాళ్ళతో పాటే పెరిగాయి.

ఎడమ గోడ కథలు పుట్టిన తీరు వేరు. మాంగా ముందుగా వందల పేజీల చవక కాగితపు పత్రికల్లో, ఒక్కో కథకు సుమారు 20 పేజీల చొప్పున, నలుపు తెలుపుల్లో వస్తుంది. కొన్ని అధ్యాయాలు పోగయ్యాక సంపుటిగా వేస్తారు. 1968లో మొదలైన ‘షోనెన్ జంప్’ పత్రిక 1990ల నడుమ వారానికి 65 లక్షల ప్రతులు అచ్చయ్యేది. ఆ పత్రికలో పాఠకులు పంపే ఓట్లను బట్టి కథల స్థానాలు నిర్ణయమవుతాయి. వెనకబడిన కథను కొన్ని నెలల్లోనే ముగించమంటారు. ఇది రచయిత మీద కఠినమైన ఒత్తిడే. అయినా ఆ కథ రాసి గీసే మనిషి మాత్రం మారడు. సహాయకులు ఎందరున్నా, పాత్రల బతుకూ చావూ ఒక్కరి చేతిలోనే ఉంటాయి. అకిరా తోరియామా ‘డ్రాగన్ బాల్’ను 1984 నుంచి 1995 దాకా 42 సంపుటాలుగా రాశారు. మొదటి సంపుటిలో అడవిలో ఒంటరిగా పెరిగిన కుర్రవాడు చివరి సంపుటికి తాత అవుతాడు. అందులో చనిపోయినవాళ్ళు మళ్ళీ బతికి వస్తారు కదా అని కొందరు వాదిస్తారు; వస్తారు, నిజమే, కానీ కాలం మాత్రం వెనక్కి పోదు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పెరిగినవాళ్ళకు ఈ తేడాను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మన ఊళ్ళలో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, దుర్యోధన వధ జరిగే రోజు అందరికీ తెలుసు. అభిమన్యుడు చనిపోయిన మర్నాటి రాత్రి అభిమన్యుడు మళ్ళీ రంగం మీదికి రాడు. అతడు లేని కథే అక్కడి నుంచి నడుస్తుంది. తెల్లారితే మళ్ళీ మొదటి పర్వం మొదలుపెడతామంటే ఆ జనం కూర్చోరు. ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ వంటి మాంగాను మన కాలేజీ పిల్లలు పరాయిదిగా భావించకుండా రాత్రంతా మేలుకుని చదవడానికి, కథ ఇలా ఒక ముగింపు వైపు నడవాలన్న ఆ పాత అలవాటు ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ను హిరోము అరకావా అనే రచయిత్రి 2001 నుంచి 2010 దాకా 27 సంపుటాలుగా రాశారు. ఈ షాపులో బాగా నలిగిన పుస్తకాలు అవే. చనిపోయిన తల్లిని తిరిగి బతికించాలని నిషిద్ధమైన రసవిద్యను ప్రయోగించిన ఇద్దరు అన్నదమ్ములు, అందుకు తమ శరీరాలనే మూల్యంగా చెల్లించుకుంటారు. ఏదైనా పొందాలంటే దానికి సమానమైనది ఇవ్వాలన్న నియమం మొదటి సంపుటి నుంచి చివరి సంపుటి దాకా సడలదు. మొదట్లోనే ఒక సైనికాధికారి అంత్యక్రియల ఘట్టం వస్తుంది. శవపేటిక మీద మట్టి వేస్తుండగా అతని చిన్నారి కూతురు, నాన్నను ఎందుకు పూడుస్తున్నారు, అలా చేస్తే నాన్న లేచి పని ఎలా చేసుకుంటాడు అని తల్లిని అడుగుతుంది. అందరూ వెళ్ళిపోయాక స్నేహితుడైన కల్నల్ టోపీ కిందికి లాక్కుని, వాన మొదలైనట్టుందే అంటాడు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పక్కనున్న సహచరి మొదట వాన లేదని చెప్పబోయి, అతని ముఖం చూసి ఔనంటుంది. ఆ చావు అక్కడితో అయిపోదు. ఆ కల్నల్ తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయం మీదా దాని నీడ పడుతుంది. చంపినవాడు ఎవరో తెలిసిన రోజున అతడు ఎంత క్రూరంగా మారగలడో చూసి పాఠకుడికే భయం వేస్తుంది.

కుడి గోడ మీద కూడా ఇంతటి బరువున్న చావు ఒకటి ఉంది. 1973లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ 121వ సంచికలో, వంతెన మీది నుంచి పడిపోతున్న ప్రియురాలు గ్వెన్ స్టేసీని అతడు సాలెదారంతో పట్టుకుంటాడు. దారం ఆమె కాలికి తగిలి, పడుతున్న వేగం ఒక్కసారిగా ఆగిపోయిన ఆ బొమ్మ గడిలో, ఆమె మెడ పక్కన విరిగిన చప్పుడును సూచించే చిన్న అక్షరాలు ఉంటాయి. మొదటిసారి చదివేటప్పుడు కన్ను వాటిని దాటిపోతుంది. ఆమెను పైకి లాగి, కాపాడానని సంబరపడుతున్న అతని మాటలు చదివాక, వెనక్కి తిరిగి చూస్తే ఆ అక్షరాలు కనిపిస్తాయి. కాపాడబోయిన చేతే చంపిందేమోనన్న అనుమానాన్ని ఒక్క చిన్న ధ్వనితో చెప్పిన ఆ పేజీని నేను ఏ మాంగా పేజీకీ తీసిపోనివ్వను. కాని ఆ పాత్ర రూపం అంతటితో సెలవు తీసుకోలేదు. ఆమె నకలు రూపాలు వచ్చాయి, 2014లో మరో ప్రపంచపు గ్వెన్ తానే సాలెపురుగు వేషం కట్టి వచ్చింది. సూపర్‌మ్యాన్ 1992లో చనిపోయి 1993లోనే తిరిగి వచ్చాడు. చావును అమ్మి, తర్వాత దాని రద్దునూ అమ్మే ఈ అలవాటు అమెరికన్ కథనానికి చేసిన కీడు నా దృష్టిలో చాలా పెద్దది. ఎందుకంటే రెండోసారి చావు వచ్చినప్పుడు పాఠకుడు ఏడవడం మానేస్తాడు.

అంత మాత్రాన కుడి గోడను వదిలి ఎడమ గోడకే పొమ్మని ఎవరికీ సలహా ఇవ్వను. ముగింపు లేని పాత్రకు ఒక గొప్ప సౌకర్యం ఉంది: అందరికీ తెలిసిన మనిషి గురించి, పరిచయాల బెడద లేకుండా, కూర్చున్న ఒక్క పూటలో పూర్తయ్యే కథ చెప్పవచ్చు. 1992లో మొదలైన బ్యాట్‌మ్యాన్ కార్టూన్ ధారావాహికలో మిస్టర్ ఫ్రీజ్ మీద వచ్చిన ఎపిసోడ్ దీనికి మంచి ఉదాహరణ. అంతవరకు మంచు తుపాకి పట్టుకుని తిరిగే సాదా దుర్మార్గుడుగా ఉన్నవాడికి, జబ్బుపడిన భార్యను కాపాడుకోవాలని తపించి ఆమెను పోగొట్టుకున్న శాస్త్రవేత్త గతాన్ని ఇచ్చి, ఇరవై రెండు నిమిషాల్లో ఆ పాత్రను శాశ్వతంగా మార్చేశారు. ఆ కార్టూనుకు వెనక దృశ్యాలను నల్ల కాగితం మీద లేత రంగులతో గీసేవారు. రాత్రి అందులో పూసిన రంగులా కాకుండా ముందునుంచీ ఉన్న చీకటిలా కనిపించడానికి కారణం అది. చందమామ భేతాళ కథల్లో విక్రమార్కుడు నెల నెలా చెట్టు దగ్గరికే తిరిగి వెళ్ళినా మనం విసుగు చెందలేదు. చూడవలసింది ఆ నెల కథనే గాని రాజు ఎంత దూరం నడిచాడని కాదు. షాపులో ఈ తరహా ఒంటి కథల సంకలనాలను యజమాని వేరుగా ఒక అరలో పెట్టి, ‘ఒక్క పూట పుస్తకాలు’ అని రాశారు. ప్రయాణాలు చేసేవాళ్ళు ఆ అర చూడటం మంచిది.

కార్టూన్ల మాట వచ్చింది కాబట్టి, యానిమే కదలిక గురించి తరచుగా వినిపించే ఒక ఫిర్యాదును ఇక్కడ పరిశీలించాలి. యానిమేలో మనుషులు కదలరు, నోళ్ళు మాత్రమే ఆడతాయి, ‘టామ్ అండ్ జెర్రీ’ చూడండి ఎంత చక్కగా పరుగెత్తుతాయో అని పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. 1940 నుంచి విలియం హానా, జోసెఫ్ బార్బెరా ఎంజీఎం కార్టూన్ స్టూడియోలో తీసిన ఆ చిన్న సినిమాలకు ఏడు ఆస్కార్లు వచ్చాయి, అంత ఖర్చూ శ్రమా వాటి వెనక ఉన్నాయి. ఆ స్టూడియో 1957లో మూతపడ్డాక అదే ఇద్దరూ టీవీ కోసం తక్కువ బొమ్మలతో పని సాగించారు. తల కదిలితే ఒళ్ళు కదలని, వెనక గోడ పదేపదే తిరిగొచ్చే కార్టూన్లు వాళ్ళవే. మాంగా రచయిత ఒసాము తెజుకా 1963 జనవరి 1న ‘ఆస్ట్రో బాయ్’ను టీవీలోకి తెచ్చినప్పుడు జపాన్‌లోనూ అదే డబ్బు లేమి. ఇద్దరి పేదరికమూ ఒకటే. దాన్ని వాడుకున్న తీరు వేరు. అమెరికన్ టీవీ కార్టూన్ ఆ లోటును మాటలతో, హాస్యంతో పూడ్చుకుంది. జపాన్ వాళ్ళు నిలిచిపోయిన బొమ్మనే కథలో భాగం చేసుకున్నారు. కన్నీరు తిరిగిన కన్ను, గాలికి ఊగే గడ్డి, రైలు వెళ్ళిపోయాక ఖాళీగా మిగిలిన ప్లాట్‌ఫారం, ఇలాంటివి రెండు మూడు సెకన్లు కదలకుండా నిలిపి, చూసేవాడి మనసే ఆ లోటు నింపుకునేలా చేశారు. మాంగా పేజీలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది: ఏమీ జరగని గడులు, మాటలు లేని గడులు మాంగాలో ఎక్కువ. ఈ షాపులో అమెరికన్ సంకలనం తీసుకున్నవాళ్ళు ఒక్కో పేజీ దగ్గర ఎక్కువసేపు ఆగి మాటలు చదువుతూ ఉంటే, మాంగా తీసుకున్నవాళ్ళు గబగబా పేజీలు తిప్పుతూ వచ్చి, ఎక్కడో ఒక్క చోట చటుక్కున ఆగిపోతుంటారు.

రెండు గోడల విభజన మంచిదే గాని, దేశం పేరునే హద్దుగా పెట్టుకోవడం వల్ల కొన్ని పుస్తకాలు తప్పు చోట ఇరుక్కున్నాయి. 1969లో మొదలైన ‘డోరేమాన్’లో నోబితా ఎప్పటికీ అదే తరగతి, అవే సున్నా మార్కులు, 1990లో మొదలైన ‘షిన్‌చాన్’ ఇప్పటికీ అయిదేళ్ళవాడే. ఈ రెండింటినీ వరుస అంకెల కట్టల్లో పెట్టడం అనవసరం. ఏ సంపుటైనా ముందు చదవవచ్చునన్న సంగతి తెలియక, ఒకటో సంపుటి బయటికి పోయిందని పిల్లలు ఉత్త చేతులతో తిరిగి వెళ్ళడం నేను చూశాను. అటు కుడి గోడ మీద జెఫ్ స్మిత్ 1991 నుంచి 2004 దాకా తానే రాసి గీసి ముగించిన ‘బోన్’ ఉంది. తండ్రి నాజీ నిర్బంధ శిబిరాల అనుభవాన్ని ఆర్ట్ స్పీగెల్‌మన్ చెప్పి, 1992లో పులిట్జర్ బహుమతి పొందిన ‘మౌస్’ ఉంది. ఇవి మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదవవలసినవి, ఒక్కరి చేతి నుంచి వచ్చినవి. ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ కార్టూన్ కూడా 2005 నుంచి 2008 దాకా 61 ఎపిసోడ్లలో ఒకే కథను ముగింపు దాకా నడిపి, అమెరికాలోనూ ఇది సాధ్యమేనని చూపింది. ముగిసే కథలు ఒక వైపు, ముగియని కథలు మరో వైపు అని అమర్చితే షాపు పద్ధతి ఇప్పటికంటే సరిగ్గా ఉంటుంది.

యానిమే చూసి వచ్చేవాళ్ళ కోసం బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టారు. ఈ షాపులో నాకు అన్నింటికంటే నచ్చింది అదే. టీవీ ధారావాహిక ఏ సీజన్ ఎక్కడ ఆగిందో, అక్కడి నుంచి చదవాలంటే ఏ సంపుటి తీసుకోవాలో అందులో పట్టికలా రాశారు. ‘డీమన్ స్లేయర్’ మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు చూసినవాళ్ళు ఏడో సంపుటి నుంచి మొదలుపెట్టవచ్చు. ‘నరుటో’ మొదటి ధారావాహిక 220 ఎపిసోడ్లలో చివరి ఎనభై పైచిలుకు దాదాపు అన్నీ, మాంగా ముందుకు సాగేదాకా కాలం గడపడానికి టీవీవాళ్ళు కల్పించినవి. వాటిని చూడకపోయినా కథ పోదని రాశారు. ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ పేరుతో రెండు యానిమేలు ఉండటం వల్ల చాలామంది తికమకపడతారు. 2003లో వచ్చినది మాంగా పూర్తికాకముందే మొదలై, సగం నుంచి తన దారి తాను చూసుకుని వేరే ముగింపుకు చేరింది. 2009లో వచ్చిన 64 ఎపిసోడ్లది మాంగాను అనుసరించింది. ఈ రెండో వివరం ఎర్ర సిరాతో రాసి ఉంది. మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. ఆ నోట్‌బుక్ చూసే ఏ కట్ట తెచ్చుకోవాలో నిర్ణయించుకుంటుంది. కుడి వైపు నుంచి ఎడమ వైపుకు చదవాలన్న సూచన కూడా ప్రతి మాంగా కట్టకూ చీటీగా కట్టి ఉంటుంది. ఒకటి రెండు అధ్యాయాల్లో కంటికి అలవాటవుతుంది.

లోపాలు చెప్పాలి. మొదటిది, మధ్య సంపుటాలు కనిపించకపోవడం. వరసలో నడిచే కథకు మధ్యలో ఒక సంపుటి పోతే మిగతా కట్ట అంతా నిరుపయోగం. కుడి గోడ మీద ఒక బ్యాట్‌మ్యాన్ సంకలనం పోతే ఎవరికీ అంత నష్టం లేదు, పక్కది తీసుకుంటారు. ‘అటాక్ ఆన్ టైటన్’ 34 సంపుటాల్లో నడుమ రెండు లేక, అక్కడిదాకా చదివినవాళ్ళు ఆగిపోయి ఉన్నారు. కాబట్టి మాంగా సంపుటి పోగొట్టిన సభ్యుడి నుంచి దాని ధర వసూలు చేసి వెంటనే కొత్తది తెప్పించే నియమం పెట్టాలి. రెండు గోడలకూ ఒకే నియమం ఉండటం సరికాదు. గడువు దాటిన కట్టలకు రోజుకు రూ.5 జరిమానా కూడా చాలా తక్కువ. పరీక్షల కాలంలో కట్టలు నెలల తరబడి ఇళ్ళలోనే ఉండిపోతున్నాయి.

రెండోది ఇంతకంటే ముఖ్యమైనది. వయసుల వారీ విభజన లేదు. బొమ్మల పుస్తకం కనుక పిల్లలదే అనుకుని తల్లిదండ్రులు పై అరలోంచి ఏది పడితే అది తీసి ఇస్తున్నారు. మనుషులను మనుషులే తినే దృశ్యాలున్న మాంగా ‘డోరేమాన్’ పక్కన, 1986–87లో బ్రిటిష్ రచయిత, చిత్రకారుడు కలిసి డీసీ సంస్థకు చేసిన ‘వాచ్‌మెన్’ పిల్లల ‘స్కూబీ డూ’ పక్కన ఉండటం సరైంది కాదు. మాంగా వెనక అట్ట మీద వయసు గుర్తు ముద్రించే ఉంటుంది. దాన్ని చూసి మూడు రంగుల చుక్కలు అంటిస్తే ఒక్క ఆదివారంలో పని అయిపోతుంది. ఈ మాట యజమానికి చెప్పాను. విన్నారు, చేస్తామన్నారు, ఇంకా చేయలేదు.

మధ్యాహ్నం మేడ మీద ఎండ వేడి భరించడం కష్టం. ఫ్యాను ఒక్కటే ఉంది. బండి పెట్టుకోవడానికి కింద చోటు తక్కువ.

తెలుగులో చదువుకునేవాళ్ళకు ఇక్కడ చందమామలు తప్ప మరేమీ లేవు. మాంగా, కామిక్స్ అన్నీ ఇంగ్లిషు అనువాదాలే. వినడానికి మాత్రం పరిస్థితి మెరుగవుతోంది. యూగో సాకో, రామ్ మోహన్ కలిసి 1992లో తీసిన జపాన్ రామాయణ యానిమే 2025 జనవరి 24న తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ కొత్త సినిమా కూడా తెలుగులో విడుదలైంది. అది చూసి, మిగతాది తెలుగులో చదవాలని వచ్చి అడిగే పదేళ్ళ పిల్లలకు ఈ షాపు ఏమీ ఇవ్వలేకపోతోంది. ప్రచురణకర్తలు తెలుగులో వేసేదాకా అది యజమాని చేతిలో లేని పనే. అయినా ‘డోరేమాన్’ సంపుటాల్లోని మాటలను తెలుగులో రాసి పక్క కాగితంగా పెడితే చిన్నపిల్లలకు ఎంతో ఉపయోగపడుతుంది. ఆ రాతపని నేను చేసిపెడతానని అడిగాను. మొదటి సంపుటి ఇచ్చారు, రాస్తున్నాను.

కొత్తగా చేరేవాళ్ళు సాయంత్రం ఐదు దాటాక వెళితే యజమాని స్వయంగా ఉంటారు. ఉదయం పూట కూర్చునే అబ్బాయికి కుడి గోడ గురించి అంతగా తెలియదు. ముగిసే కథ కావాలంటే ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ మొదటి కట్ట, ఒక్క పూటకు కావాలంటే ‘ఒక్క పూట పుస్తకాలు’ అరలోంచి ఏదైనా ఒకటి తీసుకోండి. ‘అటాక్ ఆన్ టైటన్’ మాత్రం నడిమి సంపుటాలు వచ్చాయో లేదో కనుక్కున్న తర్వాతే మొదలుపెట్టండి.